సాల వృక్షం ఎక్కడిది? బిలాస్‌పూర్ అడవి చెట్టు వెనుక పది కోట్ల ఏళ్ల ప్రయాణం

బిలాస్‌పూర్: రైల్వే స్టేషన్‌కు చేరువలోని తోర్వా ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు సాల వృక్షం కొత్త కాదు. ఛత్తీస్‌గఢీలో దానిని ‘సరయీ’ అంటారు. దాని ఆకులతో కుట్టిన దొన్నెలు, విస్తర్లు ఇక్కడి సంతల్లో అమ్ముతారు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో పట్టాల కింద పరచిన చెక్క స్లీపర్లకు ప్రధానంగా వాడిన కలపలలో ఇదొకటి. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే రైలు పేండ్రా రోడ్ చేరేలోపు దాటే అడవుల్లో ఎక్కువగా కనిపించేది ఈ చెట్టే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం కూడా ఇదే.

ఇంతగా ఈ నేలకే చెందినదిగా కనిపించే చెట్టు పుట్టుపూర్వోత్తరాలపై శాస్త్రవేత్తల మధ్య దశాబ్దాలుగా చర్చ సాగుతోంది. ఉష్ణమండల వృక్షాల పరిణామాన్ని అధ్యయనం చేసే ప్రయోగశాలలు గత రెండు దశాబ్దాలలో వెలికితీసిన ఆధారాలు ఆ చర్చను కొత్త మలుపు తిప్పాయి. ఆ ఆధారాలు గతానికే పరిమితం కావు. మారుతున్న వాతావరణంలో ఈ అడవిని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్నకూ వాటితో సంబంధం ఉంది.

దూరం వెళ్లలేని విత్తనం

సాల వృక్షం డిప్టెరోకార్పేసి అనే కుటుంబానికి చెందుతుంది. ‘రెండు రెక్కల కాయ’ అని ఆ పేరుకు అర్థం. సాల కాయకు మాత్రం అయిదు రెక్కలుంటాయి. ఈ కుటుంబంలో సుమారు 500 జాతులున్నాయి. వాటిలో అత్యధికం ఆగ్నేయాసియాలోనివే. ఒక్క బోర్నియో ద్వీపంలోనే రెండు వందలకు పైగా జాతులు పెరుగుతాయి. మలేసియాలోని సబా రాష్ట్రంలో 2019లో కొలిచిన 100.8 మీటర్ల ఎత్తైన చెట్టు కూడా ఈ కుటుంబానిదే.

ఈ కుటుంబపు చెట్ల విత్తనాలకు ఒక విశేష లక్షణం ఉంది. అవి ఎక్కువ దూరం ప్రయాణించలేవు, ఎక్కువ కాలం వేచి ఉండలేవు. సాల విత్తనాన్నే తీసుకుంటే, అది మే, జూన్ నెలల్లో తొలకరికి కాస్త ముందు రాలుతుంది. దాదాపు వారం పది రోజుల్లో తడి తగలకపోతే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. రెక్కలు గాలిలో గిరగిరా తిరుగుతూ కాయను తల్లిచెట్టుకు కొంత దూరంలో దింపుతాయే తప్ప సముద్రాలు దాటించవు. ఉప్పునీటిలో ఈ విత్తనాలు బతకవు.

అలాంటప్పుడు ఈ కుటుంబానికి సంబంధించిన చెట్లు ఆఫ్రికాలో, సీషెల్స్ దీవులలో, భారత్‌లో, బోర్నియోలో ఎలా విస్తరించాయన్నది ప్రశ్న. విత్తనం సముద్రాన్ని దాటలేకపోతే, ఏదో ఒక కాలంలో భూభాగాలే దగ్గరగా వచ్చి ఉండాలి.

గనిలో దొరికిన గుగ్గిలం

ఈ కుటుంబం ఆగ్నేయాసియాలో పుట్టి అక్కడి నుంచి పడమరగా భారత్‌కు వచ్చిందని చాలాకాలం పలువురు శాస్త్రవేత్తలు భావించారు. జాతుల సంఖ్య అక్కడే అధికం. పైగా భారత్‌లో దొరికిన ఈ చెట్ల శిలాకలప ఎక్కువగా రెండు, రెండున్నర కోట్ల ఏళ్ల లోపుదే.

ఈ వాదనకు గట్టి సవాలు గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గని నుంచి ఎదురైంది. సుమారు అయిదు కోట్ల ఏళ్ల నాటి అక్కడి పొరలలో పసుపుపచ్చని అంబరు ముద్దలు లభించాయి. అంబరు అంటే చెట్టు కార్చిన జిగురు కోట్ల ఏళ్లపాటు భూమిలో గట్టిపడగా ఏర్పడిన పదార్థం. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం, లక్నోలోని బీర్బల్ సాహ్ని పురాశాస్త్ర సంస్థ తదితర సంస్థల పరిశోధకులు దాని రసాయన నిర్మాణాన్ని, అందులో చిక్కుకున్న కీటకాలను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఆ జిగురు డిప్టెరోకార్ప్ చెట్లదేనని తేలింది.

తెలుగు పాఠకులకు ఈ విషయం సులభంగానే బోధపడుతుంది. సాల వృక్షాన్ని తెలుగులో గుగ్గిలం చెట్టు అని కూడా అంటారు. నిప్పుల మీద వేసి ధూపంగా వాడే గుగ్గిలం దాని కాండం నుంచి స్రవించేదే. అదే కోవకు చెందిన పురాతన గుగ్గిలం వస్తాన్ గనిలో దొరికిందన్నమాట. భారత భూఫలకం ఆసియాను ఢీకొంటున్న కాలానికే ఈ చెట్లు ఇక్కడ అడవులుగా ఉన్నాయని దీనితో స్పష్టమైంది.

పుప్పొడి చెప్పిన సాక్ష్యం

అంతకంటే వెనక్కి వెళ్లేందుకు శాస్త్రవేత్తలు పుప్పొడిని ఆశ్రయించారు. పుప్పొడి రేణువు కంటికి కనిపించనంత చిన్నదైనా దాని పైపొర అత్యంత దృఢమైనది. రాతి ముక్కను పొడి చేసి, ఘాటైన ఆమ్లాలతో ఖనిజాలను కరిగించినా రేణువు చెక్కుచెదరదు. మిగిలిన దానిని సూక్ష్మదర్శిని కింద ఉంచితే పైపొర మీది నమూనాను బట్టి అది ఏ కుటుంబానిదో గుర్తించవచ్చు.

బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2022 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. భారత్, సూడాన్‌లలో డైనోసార్ల యుగం చివరి దశకు చెందిన శిలల్లో, అంటే సుమారు ఏడు కోట్ల ఏళ్ల నాటి పొరల్లో, ఈ కుటుంబపు పుప్పొడి ఉన్నట్లు అందులో వివరించారు. నేటి చెట్ల డీఎన్‌ఏ సమాచారాన్ని దీనికి జోడించారు. రెండు జాతుల డీఎన్‌ఏలో తేడాలు ఎంత ఎక్కువగా ఉంటే అవి అంత పూర్వం విడిపోయినట్లు లెక్క. వయసు తెలిసిన శిలాజాలతో ఆ లెక్కను సరిచూస్తే కాలం తెలుస్తుంది.

వారి నిర్ధారణ ప్రకారం ఈ కుటుంబం సుమారు పది కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా ఉష్ణమండలంలో పుట్టింది. ఉత్తరానికి కదులుతున్న భారత భూఫలకానికీ ఆఫ్రికాకూ మధ్య ఉన్న ద్వీపాల వరుస మీదుగా ఇక్కడికి చేరింది. దక్కన్ పీఠభూమిని లావా ముంచెత్తిన కాలాన్ని తట్టుకుంది. ఆసియాతో భూసంబంధం ఏర్పడ్డాక తూర్పుకు సాగి ఆగ్నేయాసియా వర్షారణ్యాలలో విస్తరించింది. అంటే ఈ చెట్లను భారతే తూర్పుకు చేరవేసింది.

అయితే చర్చ పూర్తిగా ముగియలేదు. మడగాస్కర్‌లో మాత్రమే పెరిగే సార్కోలినేసి అనే వృక్షకుటుంబం వీటికి దగ్గరి బంధువు. రెండింటి వేళ్లూ ఒకే తరహా శిలీంధ్రాలతో సహజీవనం చేస్తాయి. అందువల్ల మడగాస్కర్, భారత్ విడిపోకముందే, అంటే సుమారు 8.8 కోట్ల ఏళ్లకు పూర్వమే, వీటి పూర్వీకులు ఈ భూభాగం మీద ఉన్నారని మరికొందరు పరిశోధకులు వాదించారు. ద్వీపాలు దాటి వచ్చాయా, భూభాగంతోపాటే వచ్చాయా అన్న విషయంలో తేడా ఉన్నా, తూర్పుకు దారి భారత్ మీదుగానే అన్నది రెండు వాదనల్లోనూ ఉమ్మడి అంశం.

ఆ శిలీంధ్ర బంధం ఛత్తీస్‌గఢ్ వంటింటికీ తెలిసినదే. తొలకరిలో సాల అడవుల నేల నుంచి తవ్వితీసి అధిక ధరకు అమ్మే ‘బోడా’ పుట్టగొడుగు అటువంటి సహజీవనం చేసే శిలీంధ్రమే.

ఎండిన నేలలో నిలిచినవి

కాలక్రమంలో భారత్‌లో అధిక భాగం పొడిబారింది. ఏడాది పొడవునా తేమ కోరే జాతులు పడమటి కనుమలు, ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ దీవులకు పరిమితమయ్యాయి. పడమటి కనుమల దక్షిణ భాగం ప్రాచీన వృక్షజాతులను కాపాడిన నిలయమే కాక కొత్త జాతులు పుట్టిన ఉయ్యాల కూడా అని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తల బృందం 2023లో వెల్లడించింది.

సాల వృక్షం మాత్రం వేరే దారి పట్టింది. సుదీర్ఘమైన వేసవిని ఓర్చుకోవడం నేర్చింది. హిమాలయ పాదాల నుంచి మధ్య భారతం మీదుగా బస్తర్, ఉత్తరాంధ్ర సరిహద్దు కొండల దాకా వ్యాపించింది. ఇంకా దక్షిణాన దాని దగ్గరి బంధువులు జాలారి, తంబ కనిపిస్తాయి. ఇందులో తంబ తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. అది అంతరించే ముప్పును ఎదుర్కొంటోంది.

దాచుకోలేని విత్తనం

కోట్ల ఏళ్ల ప్రయాణానికి సాక్ష్యమిచ్చిన లక్షణమే ఇప్పుడు బలహీనతగా మారుతోంది. వరి, జొన్న విత్తనాలను ఆరబెట్టి అతిశీతల గిడ్డంగులలో ఏళ్ల తరబడి భద్రపరచవచ్చు. సాల విత్తనం ఆరితే చనిపోతుంది. కనుక సాధారణ విత్తన నిధులలో దానికి చోటు లేదు. తొలకరి ఆలస్యమైతే ఆ ఏటి విత్తనంలో అధిక భాగం వృథా అవుతుంది. అడవి ముక్కలైతే ఒక ముక్క నుంచి మరొక ముక్కకు విత్తనం చేరడం కష్టం.

ముప్పు ఊహాజనితం కాదు. 1990ల చివర్లో అవిభక్త మధ్యప్రదేశ్‌లో కాండం తొలిచే పురుగు విజృంభించడంతో లక్షల సంఖ్యలో సాల వృక్షాలను నరికివేయాల్సి వచ్చింది. మొక్కలు నాటి ఆ లోటు పూడ్చడం సులభం కాదు. సాల మొలక కొన్నేళ్లపాటు పైభాగం ఎండిపోతూ, వేరు బలపడ్డాకే చెట్టుగా ఎదుగుతుంది. దానికి తోడుగా నేలలో తగిన శిలీంధ్రం కూడా ఉండాలి.

అందుకే ఈ చెట్టును కాపాడాలంటే నిలిచి ఉన్న అడవిని కాపాడటమే ప్రధాన మార్గం. బిలాస్‌పూర్‌కు చేరువలోని అచానక్‌మార్-అమర్‌కంటక్ ప్రాంతాన్ని 2005లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2009లో అచానక్‌మార్ పులుల అభయారణ్యమైంది. పులి కోసం గీసిన ఆ సరిహద్దుల లోపల, ఏటా తొలకరికి ముందు రాలే సాల విత్తనానికి కూడా మొలకెత్తేందుకు చోటు దొరుకుతోంది.