పాత మిత్రులు – కొత్త కూడలి

మన రామగుండములో 1980లో ఉత్పత్తి మొదలిడిన ఎరువుల కర్మాగారము 1999లో మూతపడినది. ఒకే కాలనీలో మెలగినవారు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదరిపోయిరి. 2021లో అచటనే కొత్త కర్మాగారము యూరియా తీసినది గాని, నాటి ఇరుగుపొరుగు మరల కుదురలేదు. సింగరేణిలో పదవీ విరమణ చేసి, క్వార్టరు అప్పగించి వెళ్లినవారి సంగతియు ఇంతే. అట్టివారిని వెదకుటకు ఫేస్‌బుక్కులోనో వాట్సాప్ గ్రూపులోనో చేరవలెనా అని పెద్దలు పలువురు సందేహించుచున్నారు.

ద్రోణుడు చిన్ననాటి మాటను పట్టుకొని ద్రుపదుని కడకేగెను. సమానులకే స్నేహమని రాజు తిరస్కరించెను, పగ మిగిలినది. కుచేలుడును లేమితోనే, ఇల్లాలు పంపగా వెళ్లెను. కాని కృష్ణుని చూచిన పిదప అడుగవలసినది అడుగనే లేదు. కట్టెలకై అడవికేగి వానలో చిక్కిన గురుకులపు రాత్రిని తలచుకొని ఇరువురును మురిసిరి. ఎవరికెంత కలిసివచ్చెనో లెక్క చూచుటకే అయినచో, ఆ కూడలి మనకు ద్రుపదుని కొలువే యగును. అచట ఇండ్లు, కార్లే ముందు కనబడును సుమా!

చూడవలెనన్న ఆశ మాత్రమే యున్నచో నిస్సంకోచముగా చేరుడు. గ్రూపులో మన నంబరు తోటి సభ్యులకు కనబడవచ్చునని ఎరిగియుండుడు. మిత్రుని పేరిట ఎవరైన సొమ్మడిగినచో, ముందు మీ వద్దనున్న పాత నంబరుకే ఫోను చేసి, ఏ షిఫ్టులో కలిసి పనిచేసితిరో అడుగుడు. పేరు దొంగిలించినవానికి ఆ సంగతి తెలియకపోవచ్చును.