ఇంద్రజాల వేరు.. వేరు కాదు!

నేను సీఎస్ఈ సెకండియర్. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో తప్పులుంటే మన క్లబ్ సీనియర్లు దిద్దుతారన్న ధైర్యంతో రాస్తున్నా. ఈ వ్యాసం ఒక సముద్ర జీవి గురించి. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా ప్రయాణం చెయ్యాల్సిన కరీంనగర్ వాడికి దాంతో ఏం పని అంటారా? చెప్తా.

మా ఇంట్లో నాకు రెండడుగుల ఫిష్ ట్యాంక్ ఉంది. ఇంటర్ నుంచి గప్పీలు పెంచుతున్నా. పోయిన ఏడాది గోర్గోనియన్ల వీడియోలు చూసి నాకు పిచ్చి పట్టింది. ఎర్రగా, పసుపుగా, కొమ్మలు కొమ్మలుగా చిన్న చెట్టులా ఉంటాయి. విసనకర్రలా పరుచుకునే రకాల్ని సీ ఫ్యాన్ అంటారు. కానీ అది చెట్టు కాదు, పగడాలకు చుట్టం. నిజానికి ఒక్క జంతువు కూడా కాదు, బోలెడు జంతువుల కాలనీ. కొమ్మ మీద కనిపించే ప్రతి చుక్కా ఒక పాలిప్. దానికి ఒక నోరు, నోటి చుట్టూ ఈకల్లాంటి ఎనిమిది చేతులు.

ఎట్లైనా ఒకటి పెంచాలని నోట్స్ రాసుకోవడం మొదలుపెట్టా.

ఎండ తినని పగడం

చాలా పగడాల ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు తిండి తయారు చేసి పగడానికి కూడా పెడుతుంది. అంటే ఇంటి మీద సోలార్ ప్యానెల్ ఉన్నట్టే. కానీ మెనెల్లా, స్విఫ్టియా, డయోడోగోర్జియా లాంటి గోర్గోనియన్లలో ఆ నాచు ఉండదు. నీళ్లలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్‌ని చేతులతో పట్టుకుని తింటేనే వాటికి బతుకు. విచిత్రం ఏంటంటే, రంగు ఎక్కువగా ఉండి మనల్ని ఆకర్షించేవి చాలావరకు ఈ రకమే.

వీటి నోరు చాలా చిన్నది. గప్పీలకు వేసే గింజల మేత పనికిరాదు. రోటిఫర్లు, అప్పుడే పుట్టిన ఆర్టీమియా పిల్లలు, మెత్తటి పొడి మేత లాంటివి కావాలి. ఆర్టీమియా పిల్ల సుమారు అర మిల్లీమీటర్ ఉంటుంది. గప్పీ పిల్లల కోసం వాటిని నేనే పొదిగిస్తా. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా పెట్టి, ఉప్పునీళ్లు పోసి, గుడ్లు వేసి, గాలి పంపు పెడితే ఒక రోజులో పిల్లలు వస్తాయి. గాలి ఆపి టార్చ్ చూపిస్తే అన్నీ వెలుతురు వైపు గుమిగూడతాయి, పైపుతో లాగెయ్యడమే. పుట్టిన కొన్ని గంటలకే వాటి ఒంట్లోని బలం తగ్గిపోతుంది కాబట్టి వెంటనే పెట్టాలి.

గప్పీలకు రోజుకు రెండు పూటలు చాలు. గోర్గోనియన్‌కి అట్లా కుదరదు. సముద్రంలో దాని భోజనం హాస్టల్ మెస్ టైమింగ్స్ ప్రకారం రాదు, కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. అందుకే విదేశాల్లో వీటిని పెంచేవాళ్లు డోసింగ్ పంప్ పెట్టి రోజంతా విడతలు విడతలుగా మేత వదులుతారు.

అసలు చిక్కు

అంత మేత వేస్తే తినగా మిగిలింది కుళ్లుతుంది. అమ్మోనియా, దాని నుంచి నైట్రైట్, దాని నుంచి నైట్రేట్. ఫాస్ఫేట్ కూడా పెరుగుతుంది. నీళ్లు పాడైతే పాలిప్‌లు ముడుచుకుంటాయి. ముడుచుకుంటే తినవు. తినకపోతే వేసిన మేత ఇంకా మిగిలిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇన్ఫినిట్ లూప్! దీన్ని ఆపాలంటే మురికిని నురగతో బయటికి లాగే ప్రొటీన్ స్కిమ్మర్ కావాలి, తరచూ నీళ్లు మార్చాలి. ఉప్పు లీటరుకు 35 గ్రాముల దగ్గర, వేడి 25 డిగ్రీల దగ్గర ఉండాలి. మా కరీంనగర్ మే నెలలో, కరెంటు పోయినప్పుడు ఈ 25 డిగ్రీలు ఎక్కడి నుంచి తేవాలో మీరే చెప్పండి.

ఇంకోటి, నీళ్లు కదులుతూ ఉండాలి. సీ ఫ్యాన్ చాలాసార్లు ప్రవాహానికి అడ్డంగా, వాగులో వల కట్టినట్టు పెరుగుతుంది. దాని ఆకారం అట్లా చదునుగా ఉండేది అందం కోసం కాదు, అన్నం కోసం.

నన్ను భయపెట్టిన విషయం వేరే ఉంది. ఆకలితో ఉన్న గోర్గోనియన్ వెంటనే చచ్చిపోదు. నెలల తరబడి మెల్లగా చిక్కిపోతుంది. కొసల దగ్గర పైకండ ఊడిపోయి లోపలి నల్లటి పుల్ల బయటపడుతుంది. ఆ పుల్ల గోర్గోనిన్ అనే ప్రొటీన్‌తో తయారైన అస్థిపంజరం. అంతా చచ్చిపోయినా కొమ్మల ఆకారం అట్లనే నిలబడి ఉంటుంది. చూసేవాళ్లకు అది చావులా కనపడదు.

నా నోట్స్ ఇక్కడ ఉండగానే చట్టం గురించి చదివా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001లో సీ ఫ్యాన్లను, అంటే అన్ని రకాల గోర్గోనియన్లను చేర్చారు. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూల్లోనే. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. నా ప్రాజెక్ట్ అక్కడే క్లోజ్. కొంచెం బాధపడ్డా, నోట్‌బుక్ మూసేశా.

ఆదిలాబాద్‌లో షాక్

దసరా సెలవులకు ఆదిలాబాద్‌లో మా మేనత్త ఇంటికి పోయిన. తలుపు పైన ఒక అద్దాల ఫ్రేమ్, లోపల ఎర్ర గుడ్డ మీద నల్లటి జల్లెడలాంటిది.

"అత్తమ్మా, ఇదేంది?"

"ఇంద్రజాల వేరు అల్లుడా. ఇంట్ల పెట్టుకుంటే నరదిష్టి తాకదట. మీ మామ ఆన్‌లైన్ల తెప్పిచ్చిండు."

నేను కుర్చీ ఎక్కి చూశా. వేరైతే పిల్లవేర్లు అన్ని దిక్కులా పోతాయి. ఇది విసనకర్రలా ఒకే చదునులో పరుచుకుంది. అడుగున వేరు లేదు, రాయికి అతుక్కునే చిన్న బిళ్లలాంటి పీఠం ఉంది. నేను నెలల పాటు నోట్స్ రాసుకున్న జీవి అది. కాకపోతే దాని అస్థిపంజరం.

ఇంద్రజాల్ పేరుతో అమ్మేవి సీ ఫ్యాన్లు గానీ నల్ల పగడాలు గానీ అయి ఉంటాయి. నల్ల పగడాలు కూడా 2001లోనే ఆ షెడ్యూల్లో చేరాయి. అడవి మొక్క వేరని, మంత్రించామని చెప్పి అమ్ముతారు. కొనేవాళ్లలో చాలామందికి అది ఒకప్పుడు ప్రాణం ఉన్న జంతువని కూడా తెలియదు.

ఫోన్లో బతికున్న సీ ఫ్యాన్ వీడియో చూపించా. పాలిప్‌లు పూలలా విచ్చుకుని మేత పట్టుకుంటున్నాయి. అత్తమ్మ చాలాసేపు చూసింది.

"గిన్ని నోర్లు ఉండెనా దీనికి?" అని మాత్రం అన్నది.

నేను జైలు సంగతి చెప్తే మామయ్యకు కోపం వచ్చింది. "గూడెంల పులి తోలు దొరికినట్టు మాట్లాడుతవేందిరా" అన్నడు. ఆయన తప్పు ఏమీ లేదు, వేరనుకునే కొన్నడు. కానీ చట్టం ముందు తెలియదు అనే మాట చెల్లదు. రాత్రి అన్నం తినేటప్పుడు ఆయనే అడిగిండు: "మరి ఇప్పుడేం చెయ్యాలె?" పారేసినా, ఇంకొకరికి ఇచ్చినా సమస్య తీరదని, ముందు తెలిసిన లాయర్‌ని అడిగి ఫారెస్ట్ వాళ్లకు అప్పగించుడే మంచిదని నాకు అనిపించింది, అదే చెప్పిన. తెల్లారి ఫ్రేమ్ తలుపు మీద నుంచి దిగింది. మామయ్య నాతో సరిగ్గా మాట్లాడటానికి మాత్రం దీపావళి దాకా పట్టింది.

ఇప్పుడు ఆలోచిస్తే నాకూ మామయ్యకూ పెద్ద తేడా లేదనిపిస్తుంది. ఆయన దాన్ని వేరనుకున్నడు, నేను ట్యాంక్‌కి డెకరేషన్ అనుకున్నా. అది రోజంతా తింటూ ఉంటేనే బతికే జీవి అని ఇద్దరం ఆలోచించలేదు.

ఫ్రెండ్స్, మీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా ఇంద్రజాల వేరు లింక్ పెడితే గొడవ పడొద్దు. బతికున్న సీ ఫ్యాన్ మేత తింటున్న వీడియో ఒకటి పంపండి. మా అత్తమ్మ విషయంలో నా నోట్స్ అంతటి కన్నా అదే ఎక్కువ పనిచేసింది.