గొంతులో స్లోమోషన్ సినిమా!

గుర్రబ్బండి ముందుకు దూసుకుపోతుంటుంది. చక్రాలు మాత్రం వెనక్కి తిరుగుతుంటాయి! పాత కౌబాయ్ సినిమాల్లో ఈ వింత మీరు చూసే ఉంటారు. సెకనుకి 24 బొమ్మలు తీసే కెమెరాకీ, చక్రం వేగానికీ పొత్తు కుదరక పుట్టే కనికట్టు అది. అలాంటి కనికట్టుతోనే డాక్టర్లు గాయకుల గొంతులోకి తొంగిచూస్తారంటే నమ్ముతారా?

నేనైతే కళ్లారా చూశాను. నాకు తెలిసిన ఓ డబ్బింగ్ కళాకారిణికి గొంతు బొంగురుపోయి నెల దాటింది. నాయికల కేకలూ, ఏడుపులూ రోజంతా ఆమె గొంతులోంచే రావాలి మరి! చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి నేనూ తోడు వెళ్లాను. ఆయన కెమెరా బిగించిన సన్నని గొట్టం నోట్లో పెట్టి, "ఈ... అనండమ్మా" అన్నారు. పక్కనున్న తెర మీద తెల్లని మడతలు రెండు, కెరటాల్లా మెల్లగా కలుస్తూ, విడిపోతూ!

అవే స్వరతంత్రులు. ఆడవాళ్లు మాట్లాడుతుంటే సెకనుకి సుమారు 200 సార్లు కదులుతాయి. మామూలు వెలుగులో అదంతా ఒకటే మసక. అందుకని ఆ వేగానికి రవ్వంత తేడాగా లైటుని మెరిపిస్తారు. ఒక్కో మెరుపులో ఒక్కో భంగిమ... అన్నీ కలిస్తే స్లోమోషన్! దీన్నే స్ట్రోబోస్కోపీ అంటారు.

అన్నట్టు, ఈ దారి చూపించింది డాక్టరు కాదు, ఓ పాటల మాస్టారు! పేరు మాన్యుయెల్ గార్సియా. 1854లో పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం నోట్లో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండని దానిమీదకి మళ్లించి, తన స్వరతంత్రుల్ని తనే చూసుకున్నాడు. ఆ మాస్టారు 101 ఏళ్లు బతికాడు.

సరే, మన కళాకారిణి సంగతి. తంత్రుల అంచున ఎదురెదురుగా రెండు చిన్న బొడిపెలు కనిపించాయి. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే, అరిచిన గొంతుకీ కాస్తాయట! "ఆపరేషన్ చేస్తారా?" అని ఆమె కాగితం మీద రాసి చూపించింది. "ఇప్పుడే వద్దమ్మా. ముందు విశ్రాంతి, ఆపైన స్పీచ్ థెరపీ. చాలామందికి వీటితోనే తగ్గిపోతాయి" అన్నారు డాక్టరు. రెండు సినిమాలు చేజారాయి. గొంతు మాత్రం దక్కింది.

కొన్నింటికి ఆపరేషన్ తప్పదు. మెడమీద కోతేమీ ఉండదు. మత్తిచ్చి, నోట్లోంచే గొట్టం పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ చేస్తారు. కానీ తంత్రి పైపొర మహా సున్నితం. అక్కడ మచ్చ పడిందా, ఆ కెరటం ఆగిపోతుంది. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' నాయిక జూలీ ఆండ్రూస్ 1997లో గొంతుకి ఆపరేషన్ చేయించుకున్నాక, ఆ పాడే గొంతు మళ్లీ రాలేదు. 2011లో అదెల్ కూడా ఆపరేషన్ చేయించుకుంది. 2012 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద పాడి ఆరు అవార్డులు పట్టుకుపోయింది! జబ్బు జబ్బుకీ తేడా, గొంతు గొంతుకీ తేడా. అందుకే కత్తి కన్నా ముందు కెమెరా!

అనుమానంగా గడ్డ కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. లోపల ఎంతవరకు పాకిందో సి.టి. స్కాన్ చెబుతుంది. గొంతు కాన్సరు తొలిదశలో దొరికితే నయం చేసే అవకాశాలు ఎక్కువ. సిగరెట్ మిత్రులారా, వింటున్నారా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదటాటలో అరిచి వచ్చాక నాలుగు రోజులు గొంతు పోవడం మామూలే. నీళ్లు తాగండి, మాటలు తగ్గించండి. గుసగుసలాడితే గొంతుకి విశ్రాంతి అనుకోకండి, అదీ శ్రమే. బొంగురు మూడు వారాలు దాటినా, మింగడం కష్టమైనా, ఉమ్మిలో రక్తం కనిపించినా చిట్కాలు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి నడవండి. అభిమాన తారకి డబ్బింగ్ చెప్పేవాళ్లు దొరుకుతారు. మన బతుక్కి ఎవరు చెబుతారండీ?