ఆపరేషన్ అయ్యాక... ఆ వారం జాగ్రత్త!

'ఆపరేషన్ సక్సెస్' అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నాలుగో రోజో ఐదో రోజో జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము. సర్జన్ పొరపాటు ఏమీ లేకపోయినా ఇలా జరగొచ్చు.

ఎందుకంటే... పెద్ద ఆపరేషన్‌ను శరీరం పెద్ద దెబ్బగానే లెక్కేస్తుంది. కార్టిసాల్, అడ్రినలిన్ పెరుగుతాయి. రక్తంలో లింఫోసైట్లు తగ్గుతాయి. క్యాన్సర్ కణాల్ని వేటాడే 'నేచురల్ కిల్లర్' కణాలూ మందగిస్తాయి. అలా కొన్ని రోజులపాటు ఒంటికి కాపలా పలచబడుతుంది. చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీలో ఈ దెబ్బ తక్కువ.

దీన్ని తగ్గించే మార్గాల్లో ఒకటి మరీ మామూలుది... వెచ్చదనం! మత్తులో ఉన్న శరీరం తన వేడిని తాను కాపాడుకోలేదు. పైగా ఏసీ గది. ఒళ్లు చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుని గాయానికి ఆక్సిజన్ తగ్గుతుంది. అది చాలకపోతే తెల్లకణాలు క్రిముల్ని సరిగా చంపలేవు. ఆస్ట్రియాలో పెద్దపేగు ఆపరేషన్లు జరిగిన 200 మందిని పరిశీలించి 1996లో ఫలితాలు ప్రచురించారు. ఒళ్లు 34.7 డిగ్రీల సెల్సియస్‌కి చల్లబడినవారిలో 19 శాతం మందికి గాయం చీముపట్టింది. వెచ్చగా ఉంచినవారిలో ఆరు శాతమే. అలాగని ఎంత వేడి చేస్తే అంత మేలనుకోవద్దు. చైనా, అమెరికాల్లో 5,056 మందిపై జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో 35.5 డిగ్రీలకీ 37కీ తేడా కనిపించలేదు.

'ఓ సీసా రక్తం ఎక్కిస్తే బలం కదా' అని అడుగుతుంటారు బంధువులు. అవసరమైతే తప్పదు, ప్రాణాలు నిలిపేదీ అదే. కానీ పరాయి రక్తం రోగనిరోధక శక్తిని కొంత అణచగలదు. రక్తం ఎక్కించుకున్నవారిలో మార్పిడి చేసిన కిడ్నీ ఎక్కువ కాలం నిలుస్తోందని 1973లోనే గమనించారు. అందుకే రక్తహీనత ఉంటే ముందే ఐరన్‌తో సరిదిద్దుతారు. పొగతాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ముప్పు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పింది.

ఇక మన ఇళ్లలో అసలు చిక్కు... పథ్యం! పప్పు తింటే చీము పడుతుందంటారు, గుడ్డు వద్దంటారు. రోజుల తరబడి చారన్నమే. నిజానికి గాయం మానడానికీ, కొత్త రక్షణ కణాలు పుట్టడానికీ కావాల్సింది ఆ మాంసకృత్తులే. కిడ్నీ జబ్బులాంటివి ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. షుగరు అదుపులో లేకపోతే తెల్లకణాలు సరిగా పనిచేయవు కాబట్టి ఆ పరీక్షలు ఇంట్లోనూ ఆపకూడదు.

ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, కుట్లు వేడిగా వాచినా పసుపు రాసి చూద్దాంలే అనుకోవద్దు. అదే రోజు సర్జన్‌కి చూపించాలి.