సెన్సారుకు అబద్ధం.. ఇంజిన్‌కు శిక్ష!
పికప్‌ పెంచే ‘డబ్బా’తో చిక్కులెన్నో.. సొంత కారుతో బతుకీడ్చే డ్రైవర్లూ, జాగ్రత్త

కోయంబత్తూరు: ‘ఘాట్‌ ఎక్కేటప్పుడు బండి లాగట్లేదన్నా..’ అని షెడ్డుకెళ్తే, ‘చిన్న డబ్బా తగిలిద్దాం తమ్ముడూ, గుర్రంలా పరిగెడుతుంది’ అనే మేస్త్రీలున్నారు. ఇంజిన్‌ విప్పక్కర్లేదు. పిస్టన్లు మార్చక్కర్లేదు. సెన్సారు వైరు మధ్యలో ఓ పరికరం పెడితే సరి.. పికప్‌ పెరుగుతుంది. ఆ మాట నిజమే. కానీ పెరిగిన బలం ఎక్కణ్నుంచి వచ్చింది? దాని ఖరీదు ఎవరు కట్టాలి? ఈ రెండూ చెప్పేవాళ్లు తక్కువ. అప్పు చేసి డీజిల్‌ కారు కొని, ఊటీ, కొడైకెనాల్‌ ట్రిప్పులు తిప్పుకొనే డ్రైవరుకు ఇంజిన్‌ పోయిందంటే ఇల్లు గడవడమే కష్టం. అందుకే సంగతేంటో ముందే తెలుసుకోవడం మంచిది.

మోటారు మనకు కొత్త కాదు
కోయంబత్తూరు తెలుగువాళ్లకు మోటారు విద్య తాతల నాటిది. జి.డి.నాయుడు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని మధ్య మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నిలబెట్టారు. మారుతి ఇంజిన్‌తో ‘ఫార్ములా మారుతి’ రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్‌ ఈ ఊరివారే. 1995లో కన్నుమూసిన ఆయన పేరిటే చెట్టిపాళయంలో కరి మోటార్‌ స్పీడ్‌వే వెలిసింది. 2005లో ఫార్ములా వన్‌ బరిలో దిగిన తొలి భారతీయుడు నరైన్‌ కార్తికేయన్‌దీ ఈ ఊరే. ఇంజిన్‌ను మెరుగుపరచాలన్న కోరికలో తప్పేమీ లేదు. రేసు బండికి చేసేది వేరు, రోడ్డు బండికి చేసేది వేరు. చిక్కంతా అక్కడే ఉంది.

కంప్యూటర్‌కు కళ్లూ చెవులూ
ఇప్పటి కారులో ఇంజిన్‌ను నడిపేది చిన్న కంప్యూటర్‌. లోపలికి ఎంత గాలి వస్తోంది, అది ఎంత వేడిగా ఉంది, నీళ్లు ఎంత కాగాయి, పొగలో ఆక్సిజన్‌ ఎంత మిగిలింది.. ఇవన్నీ సెన్సార్లే దానికి చెబుతాయి. పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువు లెక్కన 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావాలి. సెన్సార్ల మాట నమ్మి కంప్యూటర్‌ క్షణక్షణం ఈ లెక్క సరిచూస్తుంటుంది. సెన్సారే అబద్ధం చెబితే? లెక్కంతా తప్పుతుంది.

డీజిల్‌ బండ్లలో పెట్టే డబ్బా చేసేది అదే. కామన్‌రైల్‌ ఇంజిన్‌లో డీజిల్‌ను 1600 బార్‌, కొన్నింటిలో 2000 బార్‌ దాకా ఒత్తిడితో చిమ్ముతారు. ఈ ఒత్తిడిని కొలిచే సెన్సారుకు, కంప్యూటర్‌కు నడుమ డబ్బా చేరుతుంది. ఉన్న ఒత్తిడిని తగ్గించి చూపిస్తుంది. ‘అరె, ఒత్తిడి చాలడం లేదే’ అనుకుని కంప్యూటర్‌ ఇంకా పెంచుతుంది. డీజిల్‌ ఎక్కువ పడుతుంది, లాగుడు పెరుగుతుంది. దాంతోపాటే పంపు, ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్‌.. అన్నింటి మీదా భారం పెరుగుతుంది.

పెట్రోలు కార్లలో ఇంకో కిటుకు ఉంది. గాలి వేడిని కొలిచే సెన్సారు వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. కొద్ది రూపాయల రెసిస్టర్‌ను వైరుకు కలిపితే కంప్యూటర్‌ గాలి చల్లగా ఉందని భ్రమపడి పెట్రోలు పెంచుతుంది, స్పార్కును ముందుకు జరుపుతుంది. మామూలు వేగంలో ఆక్సిజన్‌ సెన్సారు ఆ ఎక్కువ పెట్రోలును కనిపెట్టి మళ్లీ తగ్గించేస్తుంది. ఫలితం సున్నా! నిండా తొక్కినప్పుడు మాత్రం స్పార్కు తొందరపడి ఇంజిన్‌ ‘టకటక’ కొట్టుకోవచ్చు. అదే కొనసాగితే పిస్టన్లకే ముప్పు.

‘ఒకే ఇంజిన్‌’ కథ
‘కంపెనీవాళ్లే బలాన్ని బిగించి అమ్ముతారు, మేం విప్పుతాం’ అన్నది కొందరి వాదన. దీనికి వాళ్లు చూపే ఉదాహరణ ఫియట్‌ 1.3 లీటర్ల మల్టీజెట్‌. ఒకప్పుడు మన రోడ్లమీద పలు కంపెనీల కార్లలో కనిపించిన ఈ ఇంజిన్‌ స్విఫ్ట్‌లో 75 గుర్రాల బలం, ఎస్‌ఎక్స్‌4లో 90 గుర్రాల బలం ఇచ్చేది. అయితే మారింది కంప్యూటర్‌ లెక్క ఒక్కటే కాదు. 90 గుర్రాలదానికి గాలి వేగాన్నిబట్టి సర్దుకునే వేరే రకం టర్బో పెట్టారు. డబ్బా ఆ టర్బోను తెచ్చివ్వదు కదా!

ఘాట్‌లో అసలు పరీక్ష
ఊటీ ఎత్తు దాదాపు 2240 మీటర్లు. సముద్ర మట్టంతో పోలిస్తే అక్కడ గాలి ఒత్తిడి ఐదో వంతుకు పైగా తక్కువ. అందుకు తగ్గట్టు కంప్యూటర్‌ డీజిల్‌ తగ్గిస్తుంది. ఎత్తూ పల్లం తెలియని డబ్బా తన వాటా కలుపుతూనే ఉంటుంది. గాలి తక్కువ, డీజిల్‌ ఎక్కువ. ఇంకేముంది.. నల్లటి పొగ, పొగగొట్టంలో మంట లాంటి వేడి. ఆ వేడి ముందుగా తగిలేది టర్బోకే. 2020 ఏప్రిల్‌ 1 నుంచి వచ్చిన బీఎస్‌-6 డీజిల్‌ కార్లలో మసిని పట్టే ఫిల్టర్‌ కూడా ఉంది. అది తొందరగా నిండిపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

చట్టం ఊరుకోదు
మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ ప్రకారం తయారీదారు ఇచ్చిన నమూనాను ఇష్టమొచ్చినట్లు మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. వారంటీకి, బీమాకు కూడా చిక్కే. ప్రమాదం జరిగాక ఈ మార్పు బయటపడితే క్లెయిమ్‌ దగ్గర పేచీ తప్పదు. అనుమతి పొందిన గ్యాస్‌ కిట్‌లోనూ సెన్సారు సంకేతాన్ని సర్దే పరికరాలుంటాయి. అయితే వాటిని పరీక్షించి ఆమోదిస్తారు, ఆర్‌సీలోనూ నమోదు చేస్తారు. తేడా అదీ.

మరేం చేయాలి?
* లాగుడు తగ్గితే ముందు గాలి ఫిల్టర్‌, డీజిల్‌ ఫిల్టర్‌ చూపించండి. టర్బో గొట్టం చీలినా, క్లచ్‌ అరిగినా ఇదే లక్షణం.
* స్కానర్‌ పెట్టించి లోపాల కోడ్‌లు చూడమనండి. సెన్సారు చెడితే సరైన కొత్తది వేయించండి.
* ఇంజిన్‌ లైటు వెలిగితే దాన్ని ఆర్పించడం కాదు, ఎందుకు వెలిగిందో కనుక్కోండి.
* పాత కారు కొనేటప్పుడు సెన్సార్ల దగ్గర కోసి అతికించిన వైర్లు, టేపు చుట్టిన డబ్బాలు ఉన్నాయేమో చూడండి.
* వేగం మీద మోజుంటే దానికి ట్రాక్‌ ఉంది. అక్కడి బండ్లకు మేలైన ఆక్సిజన్‌ సెన్సార్లు పెట్టి, యంత్రం మీద కొలిచి మరీ లెక్క మారుస్తారు. వాళ్లు సెన్సారును మోసగించరు, దాని మాట ఇంకా శ్రద్ధగా వింటారు.

నాలుగు గుర్రాల బలం కోసం నాలుగేళ్ల కిస్తీని పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు.