ఎముక సిమెంటులో యాంటీబయాటిక్ ఎందుకు కలుపుతారు?

మోకీలు మార్చిన చోట చీము పడితే, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేసినా ఒక్కోసారి లొంగదు. రక్తంలో మందు సరిపడా ఉన్నా సరే. కారణం, అమర్చిన లోహానికి, ప్లాస్టిక్‌కు రక్తనాళాలు ఉండవు. మన చర్మం మీద మామూలుగా బతికే స్టెఫైలోకాకస్ క్రిములు ఆ లోహం మీద చేరాయంటే తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. దాని అడుగున ఉన్నవి ఎదుగుదల మానేసి మగతలో పడి ఉంటాయి కాబట్టి, ఎదిగే క్రిమిని చంపే మందులు వాటి మీద సరిగా పనిచేయవు. విడి క్రిములకు చాలిన మోతాదుకు ఎన్నో రెట్లు కావాలి. అంత జెంటామైసిన్ నరానికి ఎక్కిస్తే కిడ్నీలు, వినికిడి దెబ్బతింటాయి.

మరి మందు ఆ చోటే ఉంటే? హాంబర్గ్ సర్జన్ హాన్స్ విల్హెల్మ్ బుఖ్‌హోల్ట్స్ 1960ల చివర్లో ఇదే చేసి చూశారు. కీలును బిగించే సిమెంటులో జెంటామైసిన్ కలిపారు. 1970లో సహచరుడు ఎంగెల్‌బ్రెక్ట్‌తో కలిసి ఆ అనుభవాన్ని ప్రచురించారు.

పేరుకు సిమెంటే గానీ, ఇది అక్రిలిక్ ప్లాస్టిక్. కట్టుడు పళ్ల చిగురు చేసేదీ ఇలాంటి దానితోనే. ఆపరేషన్ బల్ల పక్కనే 40 గ్రాముల పొడిలో సుమారు 20 మిల్లీలీటర్ల ద్రవం పోసి కలుపుతారు. ఘాటు వాసన గుప్పుమంటుంది. కాసేపటికి గ్లౌజుకు అంటుకోని ముద్దవుతుంది, పది పన్నెండు నిమిషాల్లో రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి పాడవని, నీళ్లలో కరిగే మందే ఇందుకు పనికొస్తుంది. జెంటామైసిన్, టోబ్రామైసిన్, వాంకోమైసిన్ అలాంటివి. పొడి మందే కలపాలి, ద్రవ రూపంలో పోస్తే సిమెంటు బలహీనపడుతుంది.

సిమెంటు పైపొరలోని, సన్న రంధ్రాల్లోని మందు మొదటి గంటల్లో, రోజుల్లో జోరుగా ఊరుతుంది. తర్వాత కొద్దికొద్దిగా. లోపల చిక్కుకున్న దాంట్లో చాలా భాగం ఎప్పటికీ బయటికి రాదు. రక్తంలోకి చేరేది స్వల్పం కాబట్టి కిడ్నీల మీద భారం తక్కువ. అయితే ఎక్కువ కలిపితే సిమెంటు పెళుసవుతుంది. అందుకే శాశ్వతంగా బిగించేటప్పుడు 40 గ్రాముల పొడికి అర గ్రామో, గ్రామో చాలంటారు.

చీము ముదిరితే లెక్క వేరు. పాత కీలు తీసేసి, లోపల శుభ్రం చేసి, మందు దండిగా కలిపిన సిమెంటుతోనే తాత్కాలిక కీలు చేసి పెడతారు. స్పేసర్ అంటారు దాన్ని. ఎన్నాళ్లో ఉంచేది కాదు కాబట్టి కాస్త పెళుసైనా పర్వాలేదు. కొన్ని వారాల నుంచి నెలల తర్వాత, ఇన్‌ఫెక్షన్ పోయిందని తేలాక కొత్త కీలు అమరుస్తారు.

మొదటి ఆపరేషన్‌లోనే అందరికీ ఈ సిమెంటు వాడాలా? స్కాండినేవియా దేశాల్లో వాడకం ఎక్కువ. అమెరికాలో చాలామంది సర్జన్లు ముప్పు ఉన్నవారికే పరిమితం చేస్తారు, మందుకు లొంగని క్రిములు పుట్టుకొస్తాయన్న భయంతో. షుగర్ ఉన్నవారికి, ఇంతకుముందు ఆ కీలులో ఇన్‌ఫెక్షన్ వచ్చినవారికి వాడటం సబబని నాకనిపిస్తుంది. జెంటామైసిన్ పడని వారు మాత్రం ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పాలి. ఒకసారి ఎముకలో గట్టిపడ్డాక దాన్ని తీయాలంటే మళ్లీ ఆపరేషనే.