జింకకు ఏ తూటా, వెయ్యి గజాలకు ఏ తూటా?

పక్కకు తిరిగి నిలబడ్డ తెల్లతోక జింకకు ముందుకాలి వెనకగా ఎనిమిది, పది అంగుళాల చోటు ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు అక్కడే. గుండు అందులోంచి దూసుకుపోతే జంతువు ఉన్నచోటే కూలుతుంది, లేదా కాస్త దూరం పరిగెత్తి పడిపోతుంది. అదే గుండు ఓ జానెడు వెనక్కి పడి పేగుల్లో దిగిందా, ఆ ప్రాణి ఏ పొదలోనో పడి గంటల తరబడి నరకం చూస్తుంది. అమెరికాలో వేట రుతువు దగ్గరపడేకొద్దీ ‘ఏ క్యాలిబర్ కొనాలి?’ అన్న చర్చ వేడెక్కుతుంది. వేగాలు, శక్తులు, ధరలు, కంపెనీల పేర్లు అన్నీ అందులోకి వస్తాయి. నా మటుకు నాకు ఒకటే కొలబద్ద: మీ చేతుల్లోంచి ఆ చోటికి ప్రతిసారీ తప్పకుండా చేరేది ఏది?

ఈ మధ్య ఆ చర్చలో మరో కోరిక వచ్చి కలిసింది. జింకను కొట్టే రైఫిలే వెయ్యి గజాల అవతలి ఉక్కు పలకనూ మోగించాలి. రెండూ మంచి విద్యలే. కానీ ఒకదాని లెక్క రెండోదానికి పనికిరాదు.

క్యాలిబర్ అంటే స్థూలంగా గొట్టం లోపలి వ్యాసం. మన పోలీసుల భుజాన ఏళ్ల తరబడి వేలాడిన త్రీనాట్‌త్రీలో 303 అన్నది అంగుళంలో వెయ్యో వంతుల లెక్కే. అయితే వ్యాసం ఒక్కటే చూసి తూటా బలం చెప్పలేం. .30-30, .308, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మూడింటి గుండ్ల లావూ ఒకటే, 0.308 అంగుళం. తేడా అంతా ఇత్తడి తొడుగులో పట్టే మందులోనూ, గుండు బరువులోనూ, ఆకారంలోనూ ఉంది.

1895లో వచ్చిన .30-30 ఈనాటికీ అమెరికా తూర్పు అడవుల్లో జింకల్ని కొడుతూనే ఉంది. అక్కడ చెట్ల మధ్య చూపు ఆనేదే వంద గజాలు, కొన్నిచోట్ల అదీ లేదు. 1906లో సైన్యం కోసం తెచ్చిన .30-06, ‘ఔట్‌డోర్ లైఫ్’ పత్రికలో జాక్ ఓకానర్ జీవితాంతం వెనకేసుకొచ్చిన 1925 నాటి .270, 1952 నాటి .308, దాని మెడ సన్నం చేసి 1955లో తెచ్చిన .243... వీటిలో జింకకు చాలనిది ఒక్కటీ లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఏటా కొత్త తూటా వచ్చినప్పుడల్లా పాతవన్నీ పనికిరానివైపోయినట్టు ప్రకటనలు హోరెత్తిస్తాయి.

జింక దగ్గరికి చేరేసరికి గుండులో వెయ్యి అడుగు-పౌండ్ల శక్తి మిగిలి ఉండాలన్నది వేటగాళ్లు చాలాకాలంగా పాటించే లెక్క. కొలరాడో రాష్ట్రం చట్టంలోనే పెట్టింది: కనీసం .24 క్యాలిబర్, వంద గజాల దగ్గర వెయ్యి అడుగు-పౌండ్లు. ఇంగ్లండులో 1991 జింకల చట్టం పెద్ద జాతుల జింకలకు .240 అంగుళం క్యాలిబర్, గొట్టం మూతి దగ్గర 1,700 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలంటుంది. వెయ్యి అడుగు-పౌండ్ల కొలతతో చూస్తే మొద్దు మూతి గుండున్న .30-30 రెండు వందల గజాల లోపే చాలిస్తుంది. వంద గ్రెయిన్ల బరువు గుండున్న చిన్న .243 మాత్రం మూడు వందల గజాల దాకా నిలబడుతుంది.

మరి పెద్దదే కొంటే పోలా అంటారు చాలామంది. భుజానికి తగిలే తన్ను సంగతి అక్కడే వస్తుంది. మామూలు బరువున్న రైఫిల్లో .243 తన్ను సుమారు పది అడుగు-పౌండ్లు, .30-06ది ఇరవై. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌ది ఇరవై అయిదు దాటుతుంది. ఈ దెబ్బను ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసే లోపే కళ్లు మూతపడతాయి, భుజం ముందుకు తోస్తుంది, గొట్టం మూతి దిగుతుంది. పేలుడు శబ్దంలో అది పేల్చినవాడికి తెలియదు. అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటాను పక్కవాళ్లచేత చెప్పకుండా పెట్టించుకుని పేల్చి చూడాలి. ‘క్లిక్’ మన్నప్పుడు గొట్టం కదిలితే ఆ రైఫిల్ మీకు ఎక్కువైనట్టే. గాయపడి తప్పించుకున్న జింకల వెనక ఈ భయం పాత్ర పెద్దదని నేను నమ్ముతాను. కొత్తగా నేర్చుకునేవారికి మాగ్నమ్ అమ్మేవాళ్లంటే నాకు కోపం.

ఇక దూరపు గురి. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండులో క్రీడ్‌మోర్ అనే మైదానం 1873లో మొదలైంది. మరుసటి ఏడాది అక్కడ ఐర్లండ్ జట్టుతో అమెరికన్లు 800, 900, 1,000 గజాల పోటీలో తలపడ్డారు. ఐరిష్ వాళ్లవి మూతి నుంచి మందు కూరే రైఫిళ్లు, అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు. 934–931తో అమెరికా గెలిచింది. మిల్నర్ అనే ఐరిష్ గురికాడి గుండు నల్లచుక్క మధ్యలోనే తగిలింది, కాకపోతే పక్కవాడి లక్ష్యం మీద. ఒక్కపాయింటు కూడా రాలేదు. మూడు పాయింట్ల తేడాతో ఓడిన జట్టుకు ఆ ఒక్క గుండు ఎంత బరువో!

హార్నడీ కంపెనీకి చెందిన డేవ్ ఎమరీ, గురికాడు డెనిస్ డెమిల్ ఆలోచనలోంచి 2007లో పుట్టిన తూటాకు ఆ మైదానం పేరే పెట్టారు: 6.5 క్రీడ్‌మోర్. దానికి మహాబలం ఏమీ లేదు. దాని గుండు సన్నగా, పొడుగ్గా, మూతి వాడిగా ఉంటుంది. అంత పొడుగు గుండు గాలిలో తూలకుండా తిరగాలంటే గొట్టంలోని మెలిక గాళ్లు ఒత్తుగా ఉండాలి. క్రీడ్‌మోర్ గొట్టాల్లో ఎనిమిది అంగుళాలకు ఒక పూర్తి చుట్టు ఉంటుంది. తూర్పారబట్టేటప్పుడు గట్టిగింజ దగ్గరగా రాలుతుంది, తాలు దూరంగా కొట్టుకుపోతుంది. గుండ్లలోనూ అంతే. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తుంటే, అయిదు వందల గజాల దూరానికి చేరేసరికి 143 గ్రెయిన్ల క్రీడ్‌మోర్ గుండు సుమారు 15 అంగుళాలు పక్కకు జరుగుతుంది. వేటకు వాడే 150 గ్రెయిన్ల .308 గుండు ఇరవైకి పైగా జరుగుతుంది. తన్ను కూడా .308 కన్నా తక్కువ. అందుకే దూరపు గురి నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి మొదలు నాకు కనబడదు.

అయితే ఆ 15 అంగుళాల్ని లెక్కగట్టేది మనిషి. గాలి గంటకు 16 కిలోమీటర్లని అనుకున్నాడు, అవతలి లోయలో 24 ఉంది. గురి ఏడెనిమిది అంగుళాలు తప్పినట్టే. పలక మీదైతే ఒక పాయింటు పోతుంది. జింక అయితే పేగులు తెగుతాయి. పైగా అయిదు వందల గజాలు దాటడానికి గుండుకు అర సెకనుకు పైగా, వెయ్యి గజాలకు దాదాపు సెకనున్నర పడుతుంది. మేస్తున్న జింక ఒక అడుగు ముందుకు వేయడానికి ఆ అర సెకను చాలు. అప్పుడు ఎంత గొప్ప గురికాడైనా చేయగలిగింది లేదు. కాబట్టి వెయ్యి గజాల ముచ్చట కాగితం మీదా, ఉక్కు మీదా తీర్చుకోవాలి. ప్రాణం ఉన్నదాని మీద మూడు వందల గజాలు దాటకూడదని నా గట్టి అభిప్రాయం. చాలామందికి అంత దూరమూ ఎక్కువే. మోకాలి మీద కూర్చుని, చల్లని గొట్టంతో, భోజనపు కాగితం పళ్లెంలో వరుసగా ఎంత దూరం నుంచి కొట్టగలరో అదే మీ హద్దు. తూటా డబ్బా మీద ఏమి రాసినా సరే.

గుండు దేనితో చేశారన్నది క్యాలిబర్ కన్నా తక్కువ విషయం కాదు. సీసపు తునకలున్న కళేబరాలు తిని కాండోర్ రాబందులు చచ్చిపోతుండటంతో కాలిఫోర్నియా 2019 జులై నుంచి అన్నిరకాల వేటలోనూ సీసం గుండ్లను నిషేధించింది. రాగి గుండ్లు శుభ్రంగా పనిచేస్తాయి. కాకపోతే తగిలేటప్పుడు వేగం తగ్గిపోతే పువ్వులా విచ్చుకోక సన్నని రంధ్రం చేసి వెళ్లిపోతాయి. దూరపు వేట మీద ఉబలాటపడేవాళ్లు మరిచిపోయే సంగతి ఇది. ఒహాయో లాంటి చోట్ల తూటా తొడుగుకు మెడ లేకుండా నిటారుగా ఉండాలన్న నియమం ఉంది. 2019లో వచ్చిన .350 లెజెండ్ అలాంటి రాష్ట్రాల కోసమే పుట్టింది.

నన్నడిగితే చిన్న ఒళ్లున్నవారికీ, కొత్తవారికీ .243. దట్టమైన అడవికైనా ఇంట్లో ఉన్న పాత .308 చాలు, కొత్తది కొనక్కర్లేదు. వయోమింగ్ లాంటి బయళ్లకు .270 గానీ, 6.5 క్రీడ్‌మోర్ గానీ. లక్ష్యాల పోటీకి బరువైన గొట్టంతో వేరే రైఫిల్. దాన్ని భుజాన మోసుకుని కొండెక్కాలని చూడొద్దు.

మన దేశంలో ఈ ప్రశ్నకు చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. అమెరికాలో కథ వేరు. 1900 ప్రాంతంలో అయిదు లక్షలకు పడిపోయాయని అంచనా వేసిన తెల్లతోక జింకలు ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉన్నాయి. వేట నియమాలతోపాటు, 1937 పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళ్లడం దానికి తోడ్పడింది.

డాలస్, హ్యూస్టన్‌లలో స్థిరపడిన మనవాళ్లు స్నేహితులతో వేటకు వెళ్లేముందు ఒకటి తెలుసుకోవాలి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఆ చట్టంలోని మినహాయింపుల్లో ఒకటి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ కోర్సు కూడా పూర్తిచేయాలి. జింకల రుతువు నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. లైసెన్సు, శిక్షణ పనులు వేసవిలోనే చూసుకుంటే, తూటా ఎంచుకోవడానికీ దానితో సాధన చేయడానికీ రెండు మూడు నెలలు మిగులుతాయి.